పొద్దు పొడిచింది, సూర్యుడు ఉదయించాడు: ఏది సరి?

సందేహం: మాది శ్రీకాకుళం. మా పాప మూడో తరగతి. పండగ గురించి పది వాక్యాలు రాయమంటే రథసప్తమి గురించి రాస్తూ ‘పొద్దు పొడిచింది. అందరం దండం పెట్టుకున్నాం’ అంది. టీచర్ గారు ఎర్ర ఇంకుతో కొట్టేసి ‘సూర్యుడు ఉదయించాడు’ అని దిద్దారు. అడిగితే ‘దేవుణ్ణి పట్టుకుని పొడిచింది అంటారా అండీ?’ అన్నారు. మా అత్తగారు రోజూ అర్ఘ్యం ఇచ్చే మనిషి. ఆవిడ కూడా పొద్దు పొడిచింది, పొద్దెక్కింది అనే అంటారు. ఏది సరి? ఇంకో సందేహం. ఆదివారం అంటే వారానికి ఆది, అంటే మొదటి రోజు అనేనా?

సమాధానం: పాప రాసిన వాక్యంలో తప్పేమీ లేదమ్మా. దిద్దిన వాక్యం కూడా చక్కటి తెలుగే. కాకపోతే, ఒప్పు వాక్యాన్ని కొట్టేసి ఇంకో ఒప్పు వాక్యం రాశారు.

ముందు టీచర్ గారి మాట చూద్దాం. ‘పొడిచింది’ అంటే దేవుడికి అగౌరవం అన్న భయం భక్తితో వచ్చిందే, అర్థం చేసుకోగలను. కానీ తెలుగులో క్రియ చివరి ‘ది’కి గౌరవంతో సంబంధం లేదు. 1858లో అచ్చయిన బాలవ్యాకరణంలో చిన్నయసూరి నామవాచకాలను మహత్తులు, అమహత్తులు అని విడదీశారు. పురుషులూ పురుషదేవతలూ మహత్తులు. పశువులు, పక్షులు, ప్రాణం లేని వస్తువులు అమహత్తులు. ఏకవచనంలో స్త్రీలనూ అమహత్తుల్లోనే చేర్చారు, ఎందుకంటే భాష నడిచే తీరు అది. అందుకే ‘అమ్మ వచ్చింది’ అంటాం. లక్ష్మీదేవి కరుణించింది, పోలేరమ్మ కాపాడింది అని చెంపలు వేసుకుంటూ మరీ చెబుతాం. అమ్మవారికి లేని అగౌరవం పొద్దుకు ఎక్కడి నుంచి వస్తుంది?

మరి సూర్యుడికి ‘డు’ ఎలా వచ్చింది? సంస్కృతంలో సూర్యశబ్దం పుంలింగం కాబట్టి అని చాలామంది అనుకుంటారు. అది సగం మాటే. సంస్కృతంలో వృక్షశబ్దం కూడా పుంలింగమే. మనం వృక్షుడు అనడం లేదు, వృక్షం అంటున్నాం. సంస్కృతం నుంచి వచ్చే ప్రతి మాటనూ తెలుగు గడప దగ్గర నిలబెట్టి ‘నువ్వు వ్యక్తివా, వస్తువువా?’ అని అడుగుతుంది. వ్యక్తి అయితే డు, వస్తువు అయితే ము.

దీనికి రథసప్తమి స్నానంలోనే మంచి ఉదాహరణ ఉంది. ఆ రోజు తల మీదా భుజాల మీదా జిల్లేడాకులు పెట్టుకుని నీళ్లు పోసుకుంటాం కదా. జిల్లేడుకు సంస్కృతంలో ‘అర్క’ అని పేరు. సూర్యుడికీ అదే పేరు. అందుకే ఆయన పండక్కి ఆ ఆకు. సంస్కృతంలో రెండూ పుంలింగమే, రెండింటి రూపమూ ఒక్కటే: అర్కః. తెలుగులోకి వచ్చేసరికి ఆకాశంలో ఉన్నాయన అర్కుడు అయ్యాడు, పెరట్లో ఉన్న మొక్క అర్కం అయింది. పతంగః కూడా అంతే. సూర్యుడైతే పతంగుడు, పక్షీ మిడతా అయితే పతంగం. ఒక్కోసారి ఒకే వస్తువుకు రెండు రూపాలూ ఉంటాయి. వానరులు వారధి కట్టింది సముద్రం మీద. అంతకుముందు రాముడి బాణానికి బెదిరి చేతులు జోడించి వచ్చినవాడు సముద్రుడు.

సూర్యుడి విషయంలో మాత్రం అలాంటి జంట లేదు. ‘సూర్యం’ అనే మాట ఉంది గానీ, అలా పిలిచేది మనుషుల్నే. మంటలు కక్కే ఆ గోళాన్ని ఎవరూ సూర్యం అనరు. సైన్సు పుస్తకంలో కూడా ‘సూర్యుడు ఒక నక్షత్రం’ అనే రాస్తారు. దేవుడన్న ఊసే లేని చోట కూడా ‘డు’ ఊడలేదు. అంటే ఆ పదంలోనే పూజ ఇమిడిపోయి ఉంది.

వస్తువుగా, వేళగా, వెలుతురుగా చెప్పాల్సిన పని అంతా మన అచ్చతెలుగు మాటలు తీసుకున్నాయి: పొద్దు, ఎండ. దెబ్బ కొట్టేది ఎండే, సూర్యుడు కాదు. ‘పొద్దు’కు పాత రూపం ప్రొద్దు. సూర్యుడు, పగలు, కాలం అనే అర్థాలు మూడూ దానికి ఉన్నాయి. పొద్దున్నే లేచాను, బారెడు పొద్దెక్కింది, పొద్దు పోవడం లేదు, బాగా పొద్దుపోయాక వచ్చాడు... ఇవి రోజూ మన నోట్లో నలిగేవే. పొద్దస్తమానం ఫోనే అని పిల్లల్ని విసుక్కుంటాం. ఆ మాటకు పొద్దు అస్తమించేదాకా అని అర్థం. రాత్రి పదకొండింటికి కూడా ఈ మాట వాడుతున్నామంటే, లోపలున్న సూర్యుణ్ణి మరిచిపోయి కాలాన్నే పట్టుకున్నామన్నమాట. ‘నెల’ కథా ఇదే. ఒకప్పుడు నెల అంటే చంద్రుడు, ఇప్పుడు ముప్ఫై రోజులు. పాత అర్థం నెలవంకలోనూ వెన్నెలలోనూ దాక్కుంది.

మా అమ్మ రథసప్తమి చేసే తీరు చెబుతాను. తులసికోట ముందు ఆవుపిడకల దాలి, మీద ఇత్తడి గిన్నెలో పాలు. పక్కన పీట మీద చిక్కుడుకాయలు, చీపురు పుల్లలు. పుల్లలు గుచ్చి కాయలతో రథం చేసేది, పొంగలి చిక్కుడాకుల్లో పెట్టేది. తెల్లవారుజామునే మమ్మల్ని లేపుతూ ‘లేవండర్రా, పొద్దు పొడిచేలోపు తలస్నానాలు కావాలి’ అని ఒకటే కేకలు. పాలు పొంగాక తూర్పుకు తిరిగి, నెత్తిన చేతులు జోడించి ‘నాయనా, సూర్యనారాయణా, పిల్లల్ని చల్లగా చూడు తండ్రీ’ అనేది. గంట తేడాలో రెండు మాటలు. తొందరపెట్టడానికి పొద్దు, వేడుకోవడానికి సూర్యనారాయణ. వ్యాకరణం చదవని మనిషి, ఒక్క రోజు కూడా ఈ రెంటినీ కలగలపలేదు.

ఇందులోనే మీకు పనికొచ్చే పరీక్ష ఉంది: సంబోధన. దేవుడుగా తలుచుకున్నప్పుడు ఎదురుగా నిలబడి పిలుస్తాం. ‘సూర్యదేవా’, ‘ఆదిత్యా’, ‘భాస్కరా’ అని పిలవగలం. ‘ఓ పొద్దా’ అని ఎవరైనా దండం పెట్టగా విన్నారా? మీ అత్తగారు అర్ఘ్యం వదులుతూ పొద్దు అనరు, వంటింట్లోకి వచ్చాక ‘పొద్దెక్కింది’ అంటారు. ఆవిడ వాడుక నూటికి నూరు పాళ్లూ సరైనది.

ఏకవచనం గురించి మీరు అడగలేదు గానీ, ‘సూర్యుడు వచ్చాడు అనొచ్చా, వచ్చారు అనాలా?’ అని కొందరు రాస్తుంటారు కాబట్టి ఒక్క ముక్క. దేవుణ్ణి ‘నువ్వు’ అనుకోవడం మన చనువు. రాముడొచ్చాడు, వెంకన్న కరుణించాడు అన్నట్టే సూర్యుడు వచ్చాడు. గుడిలో సేవ జరిగేటప్పుడు మాత్రం ‘వారు’ చేరుతుంది. రథసప్తమి నాడు తిరుమలలో ‘స్వామివారు సూర్యప్రభ వాహనంపై ఊరేగారు’ అంటారు. మీకు దగ్గర్లోని అరసవల్లిలో మార్చిలోనూ అక్టోబరులోనూ కొన్ని రోజులు ఉదయపు కిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయి కదా. ఆ రోజు అక్కడివాళ్లు ‘సూర్యకిరణాలు స్వామివారి పాదాలను తాకాయి’ అంటారు. ఆ కిరణాలూ ఆయనవే, ఆ పాదాలూ ఆయనవే. అయినా ‘తాకాయి’ కిరణాలకు, ‘వారు’ గర్భగుడిలో ఉన్నాయనకు. ఆ ఒక్క వాక్యం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక ఆదివారం. అది ఆదిత్యవారం. అదితి కొడుకు ఆదిత్యుడు, ఆయన వారం. నలిగి నలిగి ‘త్య’ రాలిపోయింది. ‘మొదటిది’ అన్న అర్థం తర్వాత కుదుర్చుకున్నదే. సోముడు, మంగళుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని అంటూ తక్కిన ఆరు రోజులూ గ్రహాల పేర్లతో ఉంటే, ఒక్కటి మాత్రం వరస సంఖ్యతో ఎందుకుంటుంది? తెలంగాణ పల్లెల్లో ఐతారం అంటారు. మొరటు మాట అని నవ్వేవాళ్లున్నారు, నాకు కోపం వస్తుంది. ఆదిత్యవారం నుంచి దిగొచ్చిన మాట అది. ‘త్య’లోని ‘త’ మన ఆదివారంలో పోయింది, ఐతారంలో భద్రంగా ఉంది.

ఒక్క పూటే భోంచేసి ఉపవాసం ఉండడాన్ని అక్కడ ఒక్కపొద్దు అంటారు. ‘ఐతారం ఒక్కపొద్దున్న’ అని ఒక అవ్వ అంటే, ఆ చిన్న వాక్యంలో సూర్యుడు రెండుసార్లు ఉన్నాడు: ఐతారంలో దేవుడుగా, ఒక్కపొద్దులో పూటగా. మీ పాప రాసిన రెండు వాక్యాల్లోనూ అంతే. పొడిచింది పొద్దు, దండం పెట్టింది సూర్యుడికి.