గెజిట్ తేదీ చూశావా, పాపా?

పాపా,

కొత్త ఆరు వరుసల రోడ్డు మన చేను మీదుగా పోతోందనీ, ఊళ్లో అందరినీ కూడేసి నువ్వే అభ్యంతరాలు రాయిస్తున్నావనీ మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతు వణికింది. నాకూ భయం వేసింది. అయినా ఫోన్ పెట్టేశాక మీ పెద్దమ్మతో రెండుసార్లు చెప్పుకున్నా, మన పాప చేస్తోందని.

పాసుపుస్తకం, వన్‌బీ, అడంగల్ లాంటి భూమి కాగితాల జిరాక్సులు తీసుకో. అర్జీ రెండు కాపీలు పెట్టి, ఒకదాని మీద ఆఫీసు స్టాంపు వేయించుకో. ఇవి నీకు తెలిసినవే.

తేదీ సంగతి మాత్రం విను. పాత హైవే వెడల్పు చేసేటప్పుడు పేపర్లో సర్వే నంబర్ల జాబితా వచ్చింది. మన నంబరు పక్కన మా నాయన పేరు. ఆయన పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. పాసుపుస్తకం నా పేరుకు మార్పించుకోని బద్ధకం నాది, నవ్వింది మాత్రం ఆఫీసు వాళ్లని చూసి. 'చచ్చినోడి పేరు మీద వేస్తే చెల్లుతుందా?' అని టీకొట్టు దగ్గర పెద్ద లాయరులా మాట్లాడాను. ఆ పేపరే పరిచి మీ పెద్దమ్మ బేనీషా కాయలు మాగేసింది. తర్వాత ఎవరో భయపెడితే కాయలు పక్కకు జరిపి చూశా. సొన కారి మన నంబరు మీదే నల్లటి మరక. పేపరు తేదీ నుంచి లెక్కేస్తే అభ్యంతరం రాసివ్వడానికి ఇంకా మూడు రోజులుంది. ధీమాగా వెళ్లా. గుమాస్తా సర్కారు గెజిట్ తీసి చూపించాడు. అది పేపరు కంటే ముందే అచ్చయింది. గడువు దాటి నాలుగు రోజులు. పదకొండు మామిడి చెట్లు పోయాయి. ఒక్క ముక్క రాసివ్వలేకపోయా.

జాతీయ రహదారుల చట్టం, 1956లో భూమి తీసుకోబోతున్నామని చెప్పే 3ఎ నోటిఫికేషన్ గెజిట్‌లో వచ్చిన రోజు నుంచి అభ్యంతరాలకు 21 రోజులే గడువు. రాసిచ్చిన వాళ్లని పిలిచి విచారించాలి, లాయరునైనా పంపుకోవచ్చు. తర్వాత 3డి ప్రకటన వచ్చిందంటే భూమి కేంద్రానిది. ఇక మాట్లాడేది పరిహారం గురించే.

'రోడ్డు వద్దు' అని ఒక్క ముక్క రాస్తే పక్కన పడేస్తారు. నేనూ వద్దనను, బంగారుపాళ్యం మార్కెట్ దగ్గర మామిడి ట్రాక్టర్లు బారులు తీరి, కాయ ఎండలో మగ్గిపోవడం చూసినవాణ్ణి. రోడ్డు కట్ట ఎత్తుగా వేస్తే చెరువుకు వచ్చే వంక నీళ్లు ఎక్కడ ఆగుతాయో గీసి చూపించు. కాయల ట్రాక్టరు అవతలికి ఎలా దాటాలో అడుగు. చెట్లు, బోరు, పైపులైను అన్నీ లెక్కలో రాయించు. ఎవరి అర్జీ వాళ్ల పేరుతో, వాళ్ల సర్వే నంబరుతో ఇవ్వండి.

సర్వే రాళ్ల మీద చెయ్యి వెయ్యకు. గ్రూప్స్ రాస్తున్న పిల్లవి, ఒక్క కేసు పడితే నీ చదువంతా ఏం కాను? నీది మీ తాత కోపం. నాదీ అదేలే.

విచారణ రోజు ఖాళీ కడుపుతో పోవద్దు. మీ పెద్దమ్మ సంగటి కట్టిస్తానంటోంది, సిగ్గుపడకుండా తిను. గెజిట్ తేదీ ఏంటో ఈ రాత్రికే ఫోన్ చేసి చెప్పు. మేలుకునే ఉంటాను.

నీ పెదనాయన