ఇస్త్రీ నలగని చొక్కా

చిక్కడపల్లి,
హైదరాబాద్.

తమ్ముడూ,

నువ్వు పంపిన సమీక్ష రెండుసార్లు చదివాను. ఏడు చోట్ల నవ్వించాలని చూశావు. ఆరింటి మీద పెన్సిల్‌తో గీత పెట్టాను. "సెకండాఫ్‌లో పక్క సీటాయన గురకే బాగుంది" లాంటి మాట ఏ సినిమాకైనా అతుకుతుంది, సినిమా చూడకుండానే రాసేయొచ్చు. ఏడోది చదివాక మాత్రం పెన్సిల్ పక్కన పెట్టేశాను. "తండ్రి శవం పక్కన రాత్రంతా కూర్చున్నా హీరో చొక్కా ఇస్త్రీ నలగలేదు."

ఈ ఉత్తరం ఆ ఒక్క వాక్యం కోసమే రాస్తున్నాను. అది చదివితే నవ్వొస్తుంది. వెంటనే, ఆ సీన్‌లో మనకి ఏడుపెందుకు రాలేదో అర్థమవుతుంది. చావింట్లో మనిషి ఎలా ఉంటాడో దర్శకుడు ఆలోచించలేదు, హీరో ఎలా కనపడాలో ఆలోచించాడు. పేరా అంతా వివరించినా చెప్పలేని సంగతి ఒక చొక్కాతో చెప్పేశావు. చమత్కారం అంటే అది. నువ్వు చూసిన దాంట్లోంచి పుట్టింది. మిగతా ఆరూ నవ్వించాలన్న తొందరలోంచి పుట్టాయి.

సినిమా పిచ్చి ఉన్నవాళ్లు సమీక్ష ఎందుకు చదువుతారో ఎప్పుడైనా గమనించావా? టికెట్ కొనాలా వద్దా అని చూసుకునేవాళ్లు కొందరే. చాలామంది సినిమా చూసొచ్చాకే చదువుతారు. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో సెకండ్ షో వదిలాక సంధ్య దగ్గరో దేవి దగ్గరో కాసేపు నిలబడు. బండి స్టార్ట్ చేసి కూడా కదలరు. "ఇంటర్వెల్ దాకా బానే ఉంది కదరా" అని ఒకడంటే, "అక్కడే చెడింది" అని ఇంకొకడు. ఆ వాదన ఇంటికెళ్లాక కూడా ఆగదు. మంచి సమీక్ష ఆ గుంపులో ఇంకో గొంతు. తనతో ఏకీభవించకపోయినా ఆ మనిషి ఏమన్నాడో వినాలనిపిస్తుంది. నాకు ప్రాణమైన సినిమాలను చీల్చి చెండాడినవాళ్లనే నేను ఏళ్ల తరబడి వదలకుండా చదివాను.

కాబట్టి "ఒకసారి చూడొచ్చు", "ఓ వర్గం ప్రేక్షకులకు నచ్చవచ్చు" అని రాయకు. ఆ వర్గం ఎవరో నీకు తెలియదు. నీకు నచ్చిందా లేదా, అది చెప్పు. పాఠకుడు నీతో పోట్లాడటానికి సిద్ధంగా వస్తాడు. నువ్వు గోడ మీద పిల్లిలా కూర్చుంటే అతనికి పోట్లాడటానికి మనిషే దొరకడు. చివర్లో ఇచ్చిన ఆ 2.75 రేటింగ్ కూడా తీసెయ్. ఆ ముప్పావు మార్కు దేనికిచ్చావో నువ్వే చెప్పలేవు.

ముళ్ళపూడి వెంకటరమణ ఆంధ్రపత్రికలో సినిమా సమీక్షలు రాసి, ఆ తర్వాత తానే సినిమాలకు మాటలు రాశారు. అందులో నాకు ఆశ్చర్యమేమీ లేదు. తప్పు ఎక్కడుందో నవ్వుతూ పట్టుకోగల కన్ను, సరైన మాట ఎక్కడ పడాలో కూడా పట్టుకుంటుంది. కొడవటిగంటి కుటుంబరావు దారి వేరు. ఆయన సినిమా వ్యాసాల్లో నవ్వు కంటే తర్కం ఎక్కువ, మొహమాటం మాత్రం ఉండదు. ఇద్దర్నీ చదువు. అమెరికాలో పాలిన్ కేల్ అని ఒకావిడ, న్యూయార్కర్ పత్రికలో 1968లో చేరి, మధ్యలో కొద్దికాలం తప్ప 1991 దాకా సినిమా సమీక్షలు రాసింది. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది. ఏ సినిమా అయినా ఒక్కసారే చూస్తానని చెప్పేది. ఈ ఒక్క విషయంలో నేను ఆవిడతో ఏకీభవించను. ఎందుకో చెప్తాను.

నీ వయసులో ఒక వారపత్రికలో ఓ క్యారెక్టర్ నటి వయసు మీద ఒక మాట విసిరాను. ఆఫీసులో అందరూ నవ్వారు. పది రోజుల తర్వాత మా ఇంట్లోవాళ్లతో మళ్లీ అదే సినిమాకి వెళ్లాను. కొడుకు అన్నం మధ్యలో లేచి వెళ్లిపోతే, ఆవిడ ఆ కంచం వైపు చూసి, చెయ్యి కొంగుకి తుడుచుకుని, తన కంచంలోని ముద్ద తిరిగి గిన్నెలో పెట్టేసింది. మాట లేదు, మ్యూజిక్ లేదు. హాల్లో ఎవరూ కదల్లేదు. మొదటిసారి చూసినప్పుడూ ఆ సీన్ నా కళ్ల ముందే జరిగింది. నా జోకు వెతుక్కునే పనిలో పడి నేను దాన్ని గమనించలేదు. ఆవిడకు క్షమాపణ చెప్పే అవకాశం రాలేదు. ఆ తర్వాత మనిషి రూపం మీద, రంగు మీద, వయసు మీద ఒక్క మాట రాయలేదు.

మెచ్చుకునేటప్పుడు నీ చమత్కారం ఎక్కడికి పోయింది? "పాత్రలో ఒదిగిపోయింది", "కెమెరా పనితనం కనువిందు" అని ముగించేశావు. తిట్టేటప్పుడు చొక్కా ఇస్త్రీ దాకా చూసినవాడివి, నచ్చినప్పుడు కూడా అంత దగ్గరగా చూడాలి కదా. ఇది కష్టం. నాకిప్పటికీ తిట్టడానికి గంట పడితే, మెచ్చుకోవడానికి పూట పడుతుంది. ఆ పూట ఖర్చు పెట్టు.

అభిమానులు తిడతారు. తిట్టనీ. టెన్షన్ పడి జవాబులు రాస్తూ కూర్చోకు.

సోమవారం మ్యాట్నీకి మళ్లీ వెళ్లు. ఈలలు, కాగితాలు ఉండవు, సగం సీట్లు ఖాళీగా ఉంటాయి, సినిమా సినిమాలా కనపడుతుంది. ఆ చెల్లెలి పాత్ర నీకు నచ్చిందన్నావు కదా, ఆ అమ్మాయి చేతులు ఏం చేస్తున్నాయో చూడు. తిరిగొచ్చి చొక్కా దగ్గర మొదలుపెట్టి, సమీక్ష మొత్తం మళ్లీ రాసి నాకు పంపు.

మీ అన్నయ్య