‘మంచిగ’ ఒకటే, ఇంగ్లీషులో రెండు

ప్రశ్న: క్రియను వర్ణించేది ఆడ్వర్బ్ అని, దాని చివర ‘లీ’ ఉంటుందని స్కూల్లో నేర్చుకున్నాను. అందుకే ‘ది కర్రీ టేస్ట్స్ నైస్లీ’ అని రాశాను. మా మేడమ్ ‘లీ’ కొట్టేసి ‘నైస్’ చేశారు. ‘టేస్ట్స్’ క్రియే కదా సార్? మరి ఎందుకు తప్పు? – డిగ్రీ విద్యార్థిని, దేవరకొండ

జవాబు: మీ మేడమ్ దిద్దిందే కరెక్టమ్మా. అయితే మీ తప్పు ఊరికే పుట్టలేదు, మన తెలుగులోంచి వచ్చింది. ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో ఇదే తప్పు మీద ఎర్ర సిరా ఒలకబోసినవాణ్ని కాబట్టి ఆ మాట చెప్పగలను.

మన దిక్కు మాటే తీసుకోండి. ‘కూర మంచిగున్నది’ అంటాం. ‘పోరడు ఉత్తరం మంచిగ రాసిండు’ అని కూడా అంటాం. రెండు చోట్లా ‘మంచిగ’నే. కానీ మొదటిది కూర ఎట్లాంటిదో చెబుతోంది, రెండోది రాయడం ఎట్లా సాగిందో చెబుతోంది. మన ‘గా’ ఒక్కటే ఈ రెండు పనులూ చేసుకొస్తుంది. ఇంగ్లీషులో ఈ పనులకు ఇద్దరున్నారు. ‘ది కర్రీ ఈజ్ గుడ్’, ‘హీ రోట్ ది లెటర్ వెల్’. మనవాళ్లు మనసులో ‘గా’ వినబడగానే చేతిలో ‘లీ’ రాసేస్తారు. మీరు ‘కమ్మగా’ అనుకున్నారు, ‘నైస్లీ’ వచ్చి పడింది.

మరి మనకు ఆ తేడా తెలియదా అంటే, బాగా తెలుసు. కాకపోతే మనం దాన్ని క్రియలో చూపిస్తాం. ‘నాన్న కోపంగా కనిపించాడు’, ‘నాన్న నా వైపు కోపంగా చూశాడు’. కనిపించడం వేరు, చూడడం వేరు. ఇంగ్లీషులో ‘లుక్’ ఒక్కటే ఈ రెండు పనులూ చేస్తుంది. అందుకని ఆ తేడాను పక్కమాటలో చూపించక తప్పదు: ‘ఫాదర్ లుక్డ్ యాంగ్రీ’, ‘ఫాదర్ లుక్డ్ ఎట్ మీ యాంగ్రిలీ’. మొదటిదాంట్లో కోపం నాన్నది, అందుకే విశేషణం. రెండోదాంట్లో కోపం చూపుది, అందుకే క్రియావిశేషణం.

మా వీధి మలుపులో బత్తాయిల బండి ఒకటి ఉంటుంది. నల్లగొండలో బత్తాయికి కరువు లేదు గానీ, తియ్యటిది దొరకడం అదృష్టమే. బండి అతను ఒక కాయ కోసి, తొన చేతిలో పెట్టి ‘తిని చూడు సార్’ అంటాడు. నేను అనుమానంగా నాలిక మీద పెట్టుకుంటాను. పుల్లగా ఉంటుంది. ఇదే ముచ్చట ఇంగ్లీషులో చెబితే: ‘ఐ టేస్టెడ్ ఇట్ కేర్‌ఫుల్లీ. ఇట్ టేస్టెడ్ సోర్.’ టేస్ట్ అనే క్రియ రెండుసార్లూ ఉంది. మొదటిసారి రుచి చూసింది నేను, ఆ పని జాగ్రత్తగా చేశాను కాబట్టి ‘కేర్‌ఫుల్లీ’. రెండోసారి బత్తాయి ఏ పనీ చేయలేదు, పుల్లగా ఉండి ఊరుకుంది. అందుకే ‘సోర్’. అక్కడ ‘సోర్లీ’ అంటే కాయకే నాలిక పుట్టి, అదేదో పుల్లగా రుచి చూసినట్టు అవుతుంది!

‘ఫీల్’ కూడా ఇంతే. నారాయణపేట చీర చేతికి మెత్తగా తగులుతుంది, ‘ఫీల్స్ సాఫ్ట్’. కొనబోయే ఆమె దాన్ని మెల్లగా తడిమి చూస్తుంది, ‘ఫీల్స్ ఇట్ జెంట్లీ’. స్మెల్, సౌండ్ కూడా ఈ దారిలోనే పోతాయి.

కాబట్టి వాక్యాన్ని ముందు మనసులో తెలుగులోకి తెచ్చుకోండి. క్రియ ‘ఉంది, కనిపించింది, అనిపించింది, అయింది, మారింది’ జాతిదైతే ‘లీ’ వద్దు. ‘చూసింది, రాసింది, తుడిచింది’ లాగా ఎవరో చేసిన పనైతే ‘లీ’కి చోటుంది. ఇంకా అనుమానం ఉంటే క్రియ తీసేసి ‘ఈజ్’ పెట్టి చూడండి. ‘ది కర్రీ ఈజ్ నైస్’ నిలబడుతోంది, కాబట్టి నైస్. ‘ఐ యామ్ కేర్‌ఫుల్లీ ఇట్’ అని ఎవరూ అనరు.

ఒక్క చిక్కుంది. ‘గోడకు తెల్లగా సున్నం కొట్టారు’. కొట్టడం పనే కదా అని ‘వైట్లీ’ రాయకండి. తెల్లదనం గోడకు వచ్చింది, కొట్టడానికి కాదు. ‘దే పెయింటెడ్ ది వాల్ వైట్’ అనాలి. ఆ పని నీటుగా చేశారంటే మాత్రం ‘నీట్లీ’.

ప్రశ్న: నేను లారీ నడుపుతాను. 44వ నంబరు హైవే మీద ‘గో స్లో’ అని బోర్డులు కనిపిస్తాయి. ఇంటర్ చదివే మా తమ్ముడు అది తప్పని, ‘గో స్లోలీ’ అని ఉండాలని వాదిస్తున్నాడు. ఎవరు రైటు? – లారీ డ్రైవర్, జడ్చర్ల

జవాబు: బోర్డే రైటు. మీ తమ్ముడు చెప్పిన ‘గో స్లోలీ’ కూడా తప్పేం కాదు గానీ, బోర్డును తప్పనడం మాత్రం తప్పు. ‘స్లో’ ఏ తోకా లేకుండానే క్రియావిశేషణంగా కొన్ని వందల ఏళ్లుగా నడుస్తోంది.

సుమారు వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో విశేషణం చివర ‘ఎ’ అని చిన్న చప్పుడు చేరిస్తే క్రియావిశేషణం అయ్యేది. రానురాను ఆ చప్పుడు అరిగిపోయింది. దాంతో రెండూ ఒకే రూపంలో మిగిలిపోయాయి. ఫాస్ట్, హార్డ్, లేట్ ఆ కాలపు మాటలే. ‘డ్రైవ్ ఫాస్ట్’ అంటారు. మన కాలేజీ పిల్లలు వాడే ‘ఫాస్ట్లీ’కి మాత్రం ఇంగ్లీషులో చోటు లేదు.

అసలు ప్రమాదం హార్డ్ దగ్గర ఉంది, దానికి నేనే సాక్షి. 1986లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా హెడ్మాస్టరు గారి రిటైర్మెంటుకు సన్మాన పత్రం ఇంగ్లీషులో రాసే పని నాకు అప్పగించారు. ఆయన స్కూలు కోసం ముప్ఫై ఏళ్లు కష్టపడ్డారని చెప్పబోయి ‘హీ వర్క్డ్ హార్డ్లీ’ అని రాశాను. ఒకప్పుడు హార్డ్లీకి గట్టిగా అనే అర్థమే ఉండేది గానీ, ఇప్పుడు ‘ఏదో నామమాత్రంగా’ అని అర్థం. పత్రానికి ఫ్రేము కట్టించి, దండేసి, ఊరందరి ముందు గట్టిగా చదివాను. చదువుతూ ఉండగానే ఆయన మీసాల కింద నవ్వు కనిపించింది. సభ అయ్యాక దిద్దిస్తానంటే ఒప్పుకోలేదు. ‘ఉండనియ్యవోయ్, నిజమే రాసినవ్’ అన్నారు. ఆ ఫ్రేము ఆయన పోయేదాకా వాళ్ల ఇంటి వరండాలోనే వేలాడింది.

లేట్, లేట్లీ కూడా వేరు వేరు. ‘హీ కేమ్ లేట్’ అంటే ఆలస్యంగా వచ్చాడని. లేట్లీ అంటే ఈమధ్య అని.

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. ‘ఐ లైక్ వెరీ మచ్ మ్యాంగోస్’, ‘హీ స్పీక్స్ వెల్ ఇంగ్లీష్’ అని మాట్లాడుతున్నాడు. మాటలన్నీ సరిగానే ఉన్నాయి కదా, టీచర్ ఎందుకు తప్పంటున్నారు? – గృహిణి, వనపర్తి

జవాబు: మాటలు సరిగానే ఉన్నాయమ్మా, కూర్చున్న చోటు తప్పు. ‘అతను ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు’ అన్నప్పుడు మన వరుస చూడండి: ఇంగ్లీషు, బాగా, మాట్లాడతాడు. దాన్ని చివరి నుంచి చదివితే ‘మాట్లాడతాడు, బాగా, ఇంగ్లీషు’. మీ బాబు సరిగ్గా ఇదే చేశాడు, అద్దంలో చూసినట్టు తిప్పేశాడు. కానీ ఇంగ్లీషులో క్రియ, దాని కర్మ మొగుడూపెళ్లాల్లాంటివి. మధ్యలో మూడోవాణ్ని కూర్చోనివ్వవు. ‘స్పీక్స్ ఇంగ్లీష్’ అని ముందు వాటిని పక్కపక్కన కూర్చోబెట్టి, తర్వాత ‘వెల్’ అనాలి. ‘ఐ లైక్ మ్యాంగోస్ వెరీ మచ్’ కూడా అంతే. ఏడో తరగతి పిల్లవాడికి వ్యాకరణం చెబితే పారిపోతాడు. మూడు చీటీల మీద మూడు మాటలు రాసి వరసలో పేర్చమనండి, రెండు రోజుల్లో పట్టేస్తాడు.

ప్రశ్న: ‘హౌ ఆర్ యూ’ అంటే ‘ఐ యామ్ గుడ్’ అనొచ్చా? ‘ఐ యామ్ వెల్’ అనే అనాలా? – ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: రెండూ అనొచ్చు. ఈ ‘వెల్’ ఒంట్లో బాగుందని చెప్పే విశేషణం, ‘రోట్ వెల్’లో ఉన్నది క్రియావిశేషణం. ‘ఐ యామ్ గుడ్’ను మా తరంవాళ్లం మొరటు అనుకునేవాళ్లం. ఇప్పుడు మా మనవరాలు అమెరికా నుంచి ఫోన్ చేసినప్పుడు ‘మంచిగున్నవా బిడ్డా’ అని అడిగితే ‘ఐ యామ్ గుడ్ తాతా’ అంటుంది. నేను దిద్దడం మానేశాను. నేను అడిగిన మాటకు అది మాటకు మాట సరిపోయింది కదా!