వివాహేతరమా, వివాహోత్తరమా, అక్రమమా?

సందేహం: పెళ్లయిన ఒకావిడ ఇంకొకతన్ని ప్రేమిస్తుంది, ఆ సంగతి భర్తకు తెలుస్తుంది. ఈ కథతో వచ్చిన ఒక ప్రేమకథా చిత్రంపై మూడు సమీక్షలు చదివాను. ఒకరు ‘వివాహేతర సంబంధం’ అన్నారు, ఇంకొకరు ‘వివాహోత్తర సంబంధం’ అన్నారు, మూడోవారు ‘అక్రమ సంబంధం’ అని తేల్చేశారు. వీటిలో ఏది ఒప్పు? ‘వివాహేతర’ అంటే పెళ్లి కానిది అనే అర్థమైతే, పెళ్లికాని ప్రేమికుల బంధం కూడా వివాహేతరమే కావాలి కదా? అలాగే ‘భార్యభర్తలు’ సరైనదా, ‘భార్యాభర్తలు’ సరైనదా?

సమాధానం: ముందు తప్పును పక్కన పెట్టేద్దాం. ‘వివాహోత్తర’ ఇక్కడ పొరపాటు. వివాహ, ఉత్తర కలిస్తే వచ్చిన మాట అది. ఉత్తర అంటే తర్వాతిది. స్వాతంత్ర్యోత్తర భారతం, స్నాతకోత్తర విద్య అంటున్నామే, ఆ ‘ఉత్తర’మే ఇది. ఆ లెక్కన పెళ్లయ్యాక అత్తగారితో ఏర్పడే సంబంధం కూడా వివాహోత్తరమే, అందులో ఎవరికీ ఆక్షేపణ ఉండదు. సమీక్షకుడు ‘వివాహేతర’ అనబోయి చెవికి దగ్గరగా ఉన్న మాట రాసేసి ఉంటాడు.

‘వివాహేతర’ నిర్మాణంలో దోషం లేదు. వివాహ, ఇతర కలిసి గుణసంధి వల్ల వివాహేతర అయింది. ఇతర శబ్దానికి ముందు పంచమి వస్తుంది కాబట్టి ‘వివాహం కంటె వేరైనది’ అని విగ్రహవాక్యం. వ్యవసాయేతర భూములు, బోధనేతర సిబ్బంది, ప్రభుత్వేతర సంస్థలు ఈ అచ్చులోవే. ఇక మీ అనుమానం. పదాన్ని విడదీసి చూస్తే మీరన్నది నిజమే, పెళ్లికాని ఇద్దరి ప్రేమ కూడా వివాహం కంటె వేరైనదే. కానీ సమాసానికి వ్యుత్పత్తి ఇచ్చే అర్థం ఒకటి, వాడుక ఇచ్చే అర్థం ఒకటి. పంకజమంటే బురదలో పుట్టినదని అర్థమున్నా, బురదలో పుట్టిన ప్రతిదాన్నీ పంకజం అనం. అలాగే ఇద్దరిలో కనీసం ఒకరికి వేరొకరితో పెళ్లయి ఉన్నప్పుడే ‘వివాహేతర సంబంధం’ అనడం వాడుకలో స్థిరపడిపోయింది. పెళ్లికి ముందు సంగతైతే ‘వివాహపూర్వ’ అని వేరే మాట ఉండనే ఉంది. కొందరు ‘వివాహబాహ్య’ అని సూచిస్తారు. అర్థం బాగానే పలుకుతుంది గాని, నలిగిన మాటను తోసి దాన్ని తెచ్చి కూర్చోబెట్టాల్సిన అవసరం నాకు కనిపించదు.

అసలు తమాషా అంతా ‘సంబంధం’లో ఉంది. మన ఇళ్లలో ఈ మాట మొదట వినిపించేది పెళ్లి మాటల్లోనే. సంబంధం వచ్చింది, సంబంధం చూశారు, సంబంధం కుదిరింది, సంబంధం కలుపుకున్నారు. ఇవన్నీ శుభవార్తలు. ‘సంబంధం పెట్టుకున్నాడు’, ‘వాళ్లిద్దరికీ సంబంధం ఉంది’, ‘సంబంధం బయటపడింది’ అన్నామా, సంగతి మారిపోయింది. నామవాచకం అదే, క్రియ దాన్ని పెళ్లిపీటల మీదికి తీసుకెళ్లాలో రచ్చకెక్కించాలో తేలుస్తుంది. ‘ఆమెకు మంచి సంబంధం ఉంది’ అని ఒక పెద్దాయన చెబితే ఈడొచ్చిన పిల్ల గురించి చెబుతున్నాడని మనకు ఇట్టే తెలుస్తుంది. ఆ ‘మంచి’ తీసేసి చూడండి, విన్నవాళ్లు కుర్చీ దగ్గరికి లాక్కుంటారు.

మూడోది ‘అక్రమ సంబంధం’. ఇది వ్యాకరణం ప్రకారం తప్పు కాదు. క్రమం లేనిది అక్రమం, నిఘంటువులో అంతే. కానీ పత్రికల తెలుగులో అక్రమ కట్టడాలు, అక్రమ రవాణా, అక్రమార్జన చదివి చదివి, అక్రమమంటే చట్టవిరుద్ధమని మన మనసుల్లో ముద్ర పడిపోయింది. ఆ అర్థంలో వాడితే ఇవాళ మన దేశంలో ఈ మాట నిజం కాదు. ఇలాంటి సంబంధాన్ని నేరమన్న 1860 నాటి భారత శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్‌ను అయిదుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 2018 సెప్టెంబర్ 27న కొట్టేసింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నేరం లేదు. విడాకులు కోరడానికి మాత్రం అది ఇప్పటికీ కారణమే.

ఆ పాత సెక్షన్ ఏమనేదో తెలిస్తే మాటల గొడవ ఇంకా బాగా అర్థమవుతుంది. పరాయివాడి భార్యతో, ఆ భర్త సమ్మతి లేకుండా శారీరక సంబంధం పెట్టుకున్న మగవాడికి అయిదేళ్ల దాకా జైలు పడేది. ఆమెకు శిక్ష లేదు, ఫిర్యాదు చేసే హక్కు ఆ మగవాడి భార్యకూ లేదు. పెళ్లయిన మగవాడు పెళ్లికాని అమ్మాయితో ఉంటే అసలది ఆ సెక్షన్ కిందికే వచ్చేది కాదు. అంటే 2018కి ముందు కూడా పత్రికలు ‘అక్రమం’ అని రాసిన వాటిలో అన్నీ నేరాలు కావు. ఆ మాట మొదటినుంచీ రాసినవారి తీర్పే.

సమీక్షలో తీర్పు ఉండకూడదా అంటే, ఉండొచ్చు. కాకపోతే అది తీర్పని తెలిసి రాయాలి. కథ చెబుతున్నప్పుడు, అంటే ‘కథానాయిక ఫలానావాడితో...’ అని మొదలుపెట్టినప్పుడు, వివాహేతర సంబంధమే మేలు. పాత్ర నోట వచ్చే మాట వేరు. మోసపోయానని రగిలిపోతున్న భర్త ‘నీ వివాహేతర సంబంధం గురించి తెలిసింది’ అంటే థియేటర్లో నవ్వుతారు. అతను ‘నన్ను మోసం చేశావు’ అంటాడు, అత్తగారు ‘కొంప ముంచావు’ అంటుంది, స్నేహితురాలు ‘ఎఫైర్ ఎప్పట్నుంచి?’ అని అడుగుతుంది. ఎవరి మాట వాళ్లదే.

మీరు అడగలేదు గాని, ‘వ్యభిచారం’ గురించి కూడా చెప్పాలి. కొందరు పెద్దలు దాంపత్యద్రోహానికి ఇదే అసలు మాటంటారు. ఒకప్పుడు నిజం. తెలుగు బైబిల్లో పది ఆజ్ఞలలో ఒకటి ‘వ్యభిచరింపకూడదు’ అనే. ఇప్పుడు పత్రికలో వ్యభిచారం అని కనిపిస్తే పోలీసులు దాడిచేసిన ఇల్లే గుర్తుకొస్తుంది, డబ్బు తీసుకుని చేసేదనే అర్థం పైకి వచ్చేసింది. కాబట్టి ప్రేమకథకు ఆ మాట తగిలిస్తే కథానాయికకు అన్యాయం చేసినట్టే. అలంకారశాస్త్రంలో మాత్రం ఆ పదానికి ఏ మచ్చా లేదు. నిర్వేదం, గ్లాని, శంక వంటి, మనసులో వచ్చిపోయే 33 సంచారి భావాలకు వ్యభిచారి భావాలని ఇంకో పేరు. ఒకచోట నిలవక తిరిగేవని అర్థం.

ఈ తిరగడం దగ్గర కాస్త ఆగాలనిపిస్తోంది. సంస్కృత నిఘంటువు అమరకోశం దారితప్పిన స్త్రీకి ఎనిమిది పర్యాయపదాలిచ్చింది: పుంశ్చలి, ధర్షిణి, బంధకి, అసతి, కులట, ఇత్వరి, స్వైరిణి, పాంసుల. వీటిలో కులట అంటే ఇల్లిల్లూ తిరిగేది, ఇత్వరి అంటే పోయే స్వభావం గలది, స్వైరిణి అంటే తన ఇష్టం వచ్చినట్టు నడిచేది, పుంశ్చలి అంటే మగవాళ్ల వెంట పోయేది. ఆమె గడప దాటడమే నేరమన్నట్టు ఈ నాలుగూ కాళ్ల మీదే పడ్డాయి. మరి అవతలి మగవాడికో? జారుడు, ఉపపతి. రెండంటే రెండు. పైగా ఆ రెండోది ఉపకులపతి, ఉపాధ్యక్షుడి వరసలో ఏదో గౌరవప్రదమైన పదవిలా వినిపిస్తుంది!

తెలుగు కూడా తక్కువ తినలేదు. రంకుటాలికి జోడుగా రంకుమగడున్నాడు సరే, ‘రంకు నేర్చినమ్మ బొంకు నేర్వదా’ అనే సామెత మాత్రం అమ్మనే పట్టుకుంది, అయ్యను వదిలేసింది. ఉంపుడుగత్తెకు పుంలింగం లేదు. చిన్నిల్లు మగవాడికే ఉంటుంది. సవతికీ తెలుగులో మగజోడు లేదు. సవతికి మూలమైన సపత్ని నుంచి సంస్కృతంలో సపత్నుడనే మాట పుట్టింది గాని, దానర్థం శత్రువు. ఒకే ఇంటి సవతుల పోరు చూసి పగవాడికి పేరు పెట్టారన్నమాట.

సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో న్యాయవాదుల కోసం, న్యాయమూర్తుల కోసం ఒక చేతిపుస్తకం తెచ్చింది. ఉంపుడుగత్తె, జారిణి వంటి అర్థాలిచ్చే ఇంగ్లిష్ మాటలు తీర్పుల్లో వద్దని, జరిగింది జరిగినట్టు ‘పెళ్లికి వెలుపలి సంబంధం’ అన్న తీరులో రాయమని సూచించింది. సినిమా సమీక్షకులకు ఆ నియమం వర్తించదు. అయినా ఆమెను ‘కులట’ అని, అతణ్ని ‘దారితప్పిన భర్త’ అని ఒకే వ్యాసంలో రాసేవాళ్లు ఆ పుస్తకాన్ని ఓసారి తిరగేస్తే మంచిది. దారి తప్పినవాడు ఎప్పుడో ఇంటికొస్తాడు. కులటకు ఆ వెసులుబాటు ఆ మాటలోనే లేదు.

ఇక చివరి సందేహం. ‘భార్యాభర్తలు’ సరైనది. సంస్కృతంలో భార్యా శబ్దం దీర్ఘాంతం. తెలుగులోకి ఒంటరిగా వచ్చినప్పుడు ‘భార్య’ అని హ్రస్వమవుతుంది, సంస్కృత సమాసంలో మొదటి పదంగా ఉన్నప్పుడు దీర్ఘం నిలుస్తుంది. కన్యాదానం, భాషాశాస్త్రం, సీతారాములు చూడండి. ‘భార్యాబిడ్డలు’ అనేదాంట్లో బిడ్డ తెలుగు మాట కాబట్టి దీర్ఘం కుదరదని పట్టుబట్టే పండితులున్నారు. సూత్రం వాళ్ల పక్షానే ఉంది, జనం మాత్రం ఎప్పుడో దీర్ఘం తీసేశారు, అంటే పలకడంలో సాగదీశారు. నేను దాన్ని దిద్దను. ఆ బాధే వద్దనుకుంటే ‘ఆలుబిడ్డలు’, ‘ఆలుమగలు’ అని హాయిగా రాసుకోండి. ‘దంపతులు’ అన్నా సరే. ‘దంపతులిద్దరూ’ అంటే పునరుక్తి అని కొందరంటారు, దంపతులంటేనే ఇద్దరు కదా అని. ఇద్దరూ కలిసే ఒక పని చేశారని నొక్కి చెప్పేటప్పుడు ఆ ‘ఇద్దరూ’ ఉండవచ్చు.