వ్యాన్‌లో గ్యాస్ గీజర్ పెట్టొచ్చా?

ప్రశ్న: అన్నా, మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల అద్దాలు తుడిచే పని మాది, చలికాలం పొద్దున్నే చన్నీళ్లకి చేతులు కొంకర్లు పోతున్నయ్, అద్దాల మీద తెల్ల మరకలు కూడా పోతలేవు, వ్యాన్‌లోనే గ్యాస్ గీజర్ బిగించుకోవచ్చా?

జవాబు: తమ్ముడూ, బాత్రూమ్‌లో పెట్టే మామూలు గీజర్ వ్యాన్ లోపల వద్దే వద్దు, పొగ బయటికి పోకపోతే కార్బన్ మోనాక్సైడ్ నిండిపోతది, దానికి రంగూ వాసనా ఉండవు, తల తిరుగుతోందని తెలిసేలోపే మనిషి పడిపోతడు. ఎల్‌పీజీ కూడా గాలికన్నా బరువు, లీకైతే కిందే పేరుకుంటది కాబట్టి కిటికీ తెరిస్తే చాలదు, ఫ్లోర్ దగ్గర కూడా గాలి పోయే రంధ్రం ఉండాలె. తప్పదంటే బండ్ల కోసమే చేసిన, పొగ గొట్టం బయటికుండే రకం తెలిసిన టెక్నీషియన్‌తో పెట్టించు, బండి నడిచేటప్పుడు సిలిండర్ వాల్వ్ మూసెయ్. ఇంటి 14.2 కిలోల సిలిండర్ వ్యాపారానికి వాడొద్దు. నన్నడిగితే మన హైదరాబాద్ చలికి ఇంట్లో కాచిన నీళ్లు వేడి పోని క్యాన్‌లో తీస్కపో, చాలు. అద్దం మీద తెల్ల మరకలంటవా, అవి బోరు నీళ్ల ఉప్పు, వేడినీళ్లతో పోవు.