పక్క పేజీలో ఏముందో చూశావా?

అమ్మాయీ,

నీ కథ అందింది. ఫోనులో ఆ పీడీఎఫ్‌ని వేళ్ళతో లాగి లాగి రెండుసార్లు చదివాను. మొదటిసారి మూడో పేజీలోనే కోపం వచ్చి ఫోను పక్కన పడేశాను. 1919లో బందరులో మీ హీరోయిన్ మధ్యాహ్నం పూట వసారాలో కూర్చుని 'భారతి' చదువుతోందని రాశావు. ఎక్కడి భారతి? దాని మొదటి సంచిక వచ్చిందే 1924 జనవరిలో. పుట్టడానికి అయిదేళ్ళ ముందే అది ఆవిడ ఒళ్ళోకి ఎలా వచ్చిందమ్మా? బందరు పిల్ల కదా, సొంత ఊళ్ళో 1902 నుంచీ వస్తున్న కృష్ణాపత్రిక ఇవ్వలేకపోయావా? పోనీ ఆంధ్రపత్రిక ఉగాది సంచిక ఇవ్వు, అది 1910 నుంచీ ఉంది. తేదీ తప్పు పెద్ద నేరమని కాదు. ఆ పత్రికని నువ్వు చేత్తో పట్టుకోలేదని ఆ ఒక్క మాటతో తెలిసిపోయింది, నా బాధ అది.

దానికి తోడు ఉత్తరంలో ఒక ప్రశ్న. "ఆ రోజుల్లో పత్రిక కథలన్నీ కాలక్షేపానికి రాసినవే కదా సర్, వాటిని సీరియస్‌గా చదవాలా?" అని. రెండోసారి కోపం వచ్చింది ఇక్కడ. కాలక్షేపం అన్న మాట నీకెప్పుడు తిట్టు అయింది? హరికథకి కూడా మనవాళ్ళు కాలక్షేపమనే అన్నారు. ఎదుటివాడి పొద్దు బరువు లేకుండా గడిచేలా చెయ్యడం తక్కువ పనా? నువ్వు ఒకసారి చేసి చూపించు.

ఒక్క సంగతి చెబుతాను, గుర్తుపెట్టుకో. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అదే బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టారు, వారపత్రికగా. 1914లో అది మద్రాసు వచ్చి దినపత్రిక అయింది, ఆ తర్వాత పదేళ్ళకి భారతి. ఇంకోవైపు డాక్టర్ కేసరి గారు. ఆయన మందు లోధ్ర, ఆయన పత్రిక గృహలక్ష్మి, 1928లో. అంటే ఏమిటి? తలనొప్పి మందూ ఆడవాళ్ళ మందూ అమ్ముడుపోతే వచ్చిన డబ్బుతో మన కథ తిండి తిన్నది. నాకిందులో సిగ్గేమీ కనపడదు. సభల్లో ఈ మాట అంటే మాత్రం మొహాలు ముడుచుకుంటారు, కథేదో తపోవనంలో పుట్టినట్టు.

అందుకే నేను అందరికీ చెప్పేది, పాత కథని పుస్తకంలో చదవకు, పత్రికలో చదువు. పుస్తకంలో అది ఒంటరిగా, దేవుడి గదిలో పటంలా ఉంటుంది. పత్రికలో దానికి ఒకపక్క మందు ప్రకటన, ఇంకోపక్క పద్యాలు, కింద మిగిలిన నాలుగంగుళాల జాగాలో ఏదో ముక్క. గృహలక్ష్మి తెరిస్తే కనుపర్తి వరలక్ష్మమ్మ గారి శారద లేఖలు ఉంటాయి, అవి చదవడం మొదలుపెట్టిన ఆవిడ నీ కథ దాకా వస్తుందని నమ్మకమేమిటి? వీటన్నిటి మధ్యా నిలబడి చదివించుకోవాలి. పక్క పేజీ ఉందన్న భయంతో రాసినవాళ్ళు వాళ్ళు. ఇప్పుడు ఆ భయం పోయింది. ఫోనులో వేలు ఎటు జారుతుందో తెలిసి కూడా పోయింది, అదే విచిత్రం.

గురజాడ గారి కథ 'దిద్దుబాటు' తీసుకో. 1910 ఫిబ్రవరి, ఆంధ్రభారతి, అదీ మీ బందరు పత్రికే. మొదటి మాట ఏమిటి? "తలుపు! తలుపు!" తలుపు తియ్యరు. గడియారం ఒంటిగంట కొడుతుంది. అంతే, ఎవడో మొగుడు రాత్రి ఎక్కడో తిరిగి ఇంటికొచ్చాడని మనకి తెలిసిపోయింది, ఇక పేజీ వదలం. నువ్వేం చేశావు? సూర్యోదయంతో మొదలుపెట్టావు, పదకొండు పంక్తులు, లెక్కపెట్టాను. కృష్ణమ్మ, కొబ్బరాకులు, కోవెల గంట. అంత బారు సూర్యోదయం అయ్యేసరికి నాకు ఎండెక్కింది.

('దిద్దుబాటు' తెలుగులో తొలి కథా కాదా అన్న తగాదాలోకి మాత్రం దిగకు. భండారు అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి' దానికి ఎనిమిదేళ్ళ ముందే హిందూసుందరి పత్రికలో వచ్చింది. రెండూ చదువుకో, తగాదా పడేవాళ్ళు వేరే ఉన్నారు.)

మా నాయనమ్మకి చదువు రాదు. మా ఇంటి అటక మీద ట్రంకు పెట్టెలో గృహలక్ష్మి, ఆంధ్రపత్రిక బైండు చేసినవి ఉండేవి, సగం చెదలు తిన్నవి. నాకు పదేళ్ళప్పుడు ఆవిడ వంటింటి గుమ్మంలో గోరుచిక్కుళ్ళు తుంచుతూ కూర్చునేది, నేను గట్టిగా చదివేవాణ్ణి. కథ నచ్చకపోతే నచ్చలేదని ఎన్నడూ అనలేదు. "ఉండు, పాలు పొంగాయేమో చూసొస్తా" అని లేచేది. లేచిందంటే ఆ కథ అయిపోయినట్టే, మళ్ళీ వచ్చి "ఇంకోటి చదువు" అనేది. మునిమాణిక్యం గారి కాంతం కథలకి మాత్రం ఎన్నిసార్లు పాలు మాడాయో. మా అమ్మ వచ్చి అరిస్తే "కాంతం మాట పూర్తికానీ" అనేది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కథలకైతే వేళ్ళ మధ్య చిక్కుడుకాయ అలాగే ఆగిపోయేది. ఆయన మనుషులు మాట్లాడుతూనే ఉంటారు, ఎవరేమిటో మాటని బట్టి మనకే తెలుస్తుంది. పైన నిలబడి వర్ణించేవాడు కనపడడు. ఇంటర్ చదివేటప్పుడు నా మొదటి కథ ఆవిడకే చదివాను. రెండో పేరాలో పాలు చూడ్డానికి వెళ్ళింది. ఆ రోజు మా ఇంట్లో పాలే లేవు.

సంపాదకుల గురించి అడిగావు. అడక్కపోతేనే బాగుండేది. ఒక దీపావళి ప్రత్యేక సంచికకి ఎనిమిది నెలలు తిప్పి తిప్పి నా కథ వేశారు. చివరి నిమిషంలో చీరల కొట్టు వాళ్ళ అరపేజీ ప్రకటన వచ్చిందట. నా ఆఖరి రెండు పేరాలు లేపేశారు. కథ గుమ్మం దగ్గర ఆగిపోయింది, తండ్రి లోపలికి వచ్చాడో లేదో తెలీదు. నేను కుమిలిపోతుంటే ఒక విమర్శకుడు ఆ ఓపెన్ ఎండింగ్ అద్భుతమని రెండు కాలమ్‌లు రాశాడు. ఆ తర్వాత పదేళ్ళు నేను కలిసిన ప్రతివాడూ దాన్నే మెచ్చుకున్నాడు. చెప్పుకోలేను, ఖండించలేను. చీరల కొట్టు ఓనరుకి శిల్పం తెలిసినంత మా ఎడిటరుకి తెలీదని ఇప్పటికీ నా అనుమానం. ఇప్పుడంతా పోటీల కాలం. పోటీకని రాసిన కథ ముగ్గురు జడ్జీల కోసం రాసినది, మొదటి పేరాలోనే జబ్బో, వలసో, వృద్ధాశ్రమమో ఎదురొస్తుంది. ఇంతకంటే చెబితే ముసలాడికి కుళ్ళు అంటావు.

నీ కథలో ఒక్క చోట నేను ఆగిపోయాను. అత్తగారికి తెలియకుండా ఆ పిల్ల పత్రికని బియ్యపు కుండలో దాస్తుంది కదా, రాత్రి తీసి తెరిస్తే పేజీల మధ్య నుంచి నాలుగు గింజలు ఒళ్ళో రాలతాయి. వాటిని ఏరి మళ్ళీ కుండలో వేస్తుంది. అది ఎక్కడిది? మీ ముత్తవ్వదా? ఎవరో చూసినదే అయ్యుండాలి, అలాంటివి కల్పించడం కష్టం. దాన్ని తీసుకెళ్ళి ఏడో పేజీలో పూడ్చిపెట్టావు. అక్కడ మొదలుపెట్టు. సూర్యోదయం కొట్టెయ్యి.

రాసే ముందు ఒక పని చెయ్యి. శ్రీకాకుళంలో కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు, 1997లో పెట్టిన కథల లైబ్రరీ కథానిలయం ఉంది. పాత పత్రికల స్కానులు ఇంటర్నెట్‌లోనూ దొరుకుతాయి. ఒక నెల సంచిక తీసుకుని అట్ట నుంచి అట్ట దాకా చదువు, కథొక్కటే కాదు. ప్రకటనల్లో ధరలు చూడు, చందా ఎంతో చూడు, పాఠకుల ఉత్తరాలు ఉంటే చూడు. నీ హీరోయిన్ ఏ పేజీ దగ్గర ఆగి ఉంటుందో నీకే తెలుస్తుంది.

పారితోషికం గురించీ, కలం పేరు గురించీ కూడా ఏదో అడిగావు. ఆ పేజీ మళ్ళీ తెరుచుకోవడం లేదు. నీ పుస్తకానికి ముందుమాట మాత్రం రాయను, ఇంకెవరినైనా అడుగు. మళ్ళీ రాశాక కాగితం మీద పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి పోస్టులో పంపు. వచ్చే నెల నాకు రెండో కంటికి శుక్లాల ఆపరేషన్, కట్టు విప్పేదాకా మీ అత్తయ్య చదివి వినిపిస్తుంది. ఆవిడకి టీ పెట్టుకునే అలవాటు ఉంది, చూసుకో.