ఫోన్లు, స్మార్ట్ వాచీలు మన బాగోగులు కనిపెట్టగలవా?

కొత్త టెక్నాలజీతో మనిషి బాగున్నాడో లేదో కచ్చితంగా కొలవొచ్చా అని అడిగారు. నేను అనంతపురం జిల్లా పల్లెల్లో ట్యాబ్ పట్టుకుని సర్వేలు చేస్తుంటా కాబట్టి, చూసింది చెప్తా.

ఉపయోగం ఉంది, కాదనను. "మొత్తమ్మీద మీ జీవితానికి సున్నా నుంచి పదిలో ఎన్నిస్తారు" అని ఎప్పుడో ఒకసారి అడగడమే చాలాకాలంగా ఉన్న పద్ధతి, ఏ దేశం జనం ఎంత సంతోషంగా ఉన్నారో చెప్పే వరల్డ్ హ్యాపీనెస్ రిపోర్టు ర్యాంకులకు ఇప్పటికీ అలాంటి ప్రశ్నే ఆధారం. వాన పడిన మర్నాడు ఎనిమిది అన్న రైతు, చెనక్కాయ ధర పడిపోయిన వారం మూడు అనొచ్చు. ఫోనైతే రోజులో ఏ వేళైనా "ఇప్పుడేం చేస్తున్నావ్, ఎలా ఉంది" అని అడగ్గలదు. 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే పరిశోధకులు ఐఫోన్ యాప్‌తో 2,250 మందిని అలాగే అడిగితే, దాదాపు 47 శాతం సార్లు మనసు చేసే పని మీద లేదనీ, అలాంటప్పుడు సంతోషం తక్కువనీ తేలింది.

సరే, 2010లో ఐఫోన్ ఎవరి చేతిలో ఉండేది? మా పక్క పల్లెల్లో ఇప్పటికీ ఇంటికంతా ఒకటే టచ్ ఫోన్ ఉన్న ఇళ్లున్నాయి, అదీ పిల్లోడి దగ్గరే. 'సంతోషంగా ఉన్నా' అని నొక్కింది తల్లో కొడుకో యాప్‌కేం తెలుసు! కళ్యాణదుర్గం వైపు ఒక అక్కను "దిగులుగా ఉంటోందా" అని అడిగితే, మంచం మీదున్న మామ "దానికేం దిగులు, బాగానే ఉండాది, రాసుకోప్పా" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. నేను కావాలనే మంచినీళ్లడిగి ఇంకాసేపు కూర్చున్నా. ఆయన బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయాక, "బోరు ఎండిపోయినప్పట్నుంచి నిద్ర పట్టదన్నా" అంది, అదీ గొంతు తగ్గించి.

వాచీ సంగతీ అంతే. చర్మం మీద పచ్చ లైటు వేసి, రక్తప్రవాహంలో తేడాను బట్టి గుండె వేగం లెక్కేస్తుంది. కదలికను పట్టే సెన్సర్ కూడా ఉంటుంది కాబట్టి, చేలో పని చేస్తుంటే అది శ్రమేనని పట్టగలదేమో. కానీ ఊరికే కూర్చున్న మనిషి గుండె ఉన్నట్టుండి దడదడలాడితే, గుమ్మంలోకి వచ్చింది అప్పిచ్చినోడా, చాన్నాళ్లకు పుట్టింటికొచ్చిన కూతురా అన్నది దానికి తెలీదు.

మీరు దీని మీద ప్రాజెక్టు చేసేటట్టయితే వాచీలు కొనండి, వద్దనను, కానీ ఆ డబ్బులో కొంత తీసి చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలను సర్వేకి పెట్టుకోండి. మామ ముందు నోరు మెదపని ఆడవాళ్లు వాళ్లతోనైతే బట్టలు ఉతుక్కుంటూనే అన్నీ చెప్పేస్తారు.